నాన్న పన్ను

“సిమిలర్ వద్దు. సేమ్ కావాలి.”

పళ్ళ ఆస్పత్రి వెనకగదిలో పళ్ళకు తొడిగే క్యాప్‌లు తయారుచేసే అబ్బాయితో టీచరమ్మ అన్న మొదటి మాట అదే. పలకరింపు లేదు, పరిచయం లేదు. ఒక చేత్తో నోరు మూసుకుని మరీ పోట్లాడుతోంది.

అతనికి ఒళ్ళు మండింది. స్కూల్లో పిల్లల బంతి తగిలి ఆమె ముందుపన్ను విరిగితే, పాత ఫోటో చూసి క్యాప్ చేసింది అతనే. ఫోటోలో ఆ పన్ను పక్కదాని మీదికి ఒరిగి ఉంది. పోనీ పాపం అని నిటారుగా చేసిచ్చాడు. థాంక్స్ చెప్పాల్సింది పోయి తగువుకొచ్చింది ఈ మహాతల్లి.

జనమంతా వంకర తీయించుకోవడానికే వస్తారనీ, పెట్టించుకునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాననీ వెటకారంగా అన్నాడు.

“చేసేముందు నన్నడిగారా?” అంది ఆమె. “అది అచ్చం మా నాన్న పన్ను. ఆయన పోయాక అమ్మ నా నవ్వులోనే ఆయన్ని చూసుకునేది. నిన్న మీరు చేసింది చూసి బాగుందమ్మా అని మొహం తిప్పుకుంది. మీ పనితనం మీ దగ్గరే పెట్టుకోండి.”

అతను ఆ ఫోటో మళ్ళీ తీసి చూశాడు. క్యాప్ ఇంకా తాత్కాలికంగానే అతికించారు కనుక మళ్ళీ చేసిచ్చాడు. ఆమె అద్దంలో చూసుకుని, “సిమిలర్,” అంది. అది తిట్టులా తగిలింది. ఫోటోలో ఎదురుగా కనిపించేదే తెలుస్తుంది గానీ లోపలికి ఎంత ఒరిగిందో తనకెలా తెలుస్తుందని ఈసారి అతనే గొంతు పెంచాడు. అది తెలిసినవాళ్ళనే తీసుకొస్తానని ఆమె తలుపు ధడాలున వేసి వెళ్ళింది.

మర్నాడు వాళ్ళమ్మతో వచ్చింది. ఆవిడ అతని పక్కన స్టూలు మీద కూర్చుని, మైనంతో చేసిన పన్నును ఇంకాస్త వంచమనీ, అంతొద్దు బాబూ అనీ చెబుతూ, మధ్యమధ్య కళ్ళొత్తుకుంది. అతను విసుక్కోకుండా చెక్కుతూనే ఉన్నాడు. అది చూసి టీచరమ్మకు ఇంకా కోపమొచ్చింది. ఇంత ఓపికున్న మనిషిని ఏమని తిడుతుంది?

కొత్త క్యాప్ తయారయ్యాక తల్లీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. డాక్టర్ గదిలో పెట్టించుకుని, అమ్మను వెంటబెట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే వెనకగదికి వచ్చింది టీచరమ్మ. సరిపోయిందని ముక్తసరిగా చెప్పి వెళ్ళబోయింది.

“ఒక్క నిమిషం,” అన్నాడతను. అతని గొంతులోనూ ఉక్రోషమే. “ఇన్నిసార్లు ఆ పన్ను చేశాను. వచ్చినప్పుడల్లా తిట్టారే తప్ప ఒక్కసారీ నవ్వలేదు. నాకా నవ్వు చూడాలనుంది. ఇవాళ ఒక్కరోజే కాదు, రోజూ.”

“ఇలాగేనా అడిగేది, దెబ్బలాడినట్టు?” అని కసిరింది ఆమె. అంతలోనే నవ్వొచ్చేసింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయింది.

అమ్మ ఈసారి మొహం తిప్పుకోలేదు. కూతురి నవ్వును తనివితీరా చూసుకుని, అబ్బాయి వైపు తిరిగింది.

“వాళ్ళ నాన్న కూడా ఇంతే బాబూ. నాతో ముందు పోట్లాడి, ఆ తర్వాతే నవ్వారు. సేమ్.”

“సేమ్ ఏం కాదు,” అంది టీచరమ్మ, మొహం ఎర్రబడి. “సిమిలర్.”