కాపలా మీద కాపలా

“ఫిరోజా గుట్టు బయటపడింది జావేద్. మన టైమ్ పన్నెండుకు ఆ ముఠా వాళ్ల కారెక్కితే ఆ పిల్ల ఇక తిరిగి రాదు.”

ఇయర్‌పీస్‌లో చీఫ్ రత్నమణి గొంతు, కర్నూలు నుంచి. ఏజెంట్ జావేద్ అప్పుడే కడపలో ఆటో దిగాడు.

“హెచ్చరిక పంపలేదా మేడమ్?”

“ఆమెకు మెసేజ్ పంపే సీక్రెట్ లైన్ కీ మన కడప సెంటర్ కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా లేదు. అది పొద్దున్నుంచి కదలడం లేదు. మన మేధావులిద్దరూ దాని ముందే కూర్చుని ఉన్నారు.”

గల్ఫ్‌లో ముఠా నాయకుడి ఇంట్లో పనిమనిషి వేషంలో ఉంది ఫిరోజా. రాజంపేట పిల్ల. తర్ఫీదిచ్చి విమానం ఎక్కించింది జావేదే. ఆమెకేమైనా అయితే వాళ్లమ్మ ముందు నిలబడాల్సింది కూడా అతనే.

కడప సెంటర్ పైకి చూడటానికి బండల షాపు. జావేద్ మేస్త్రీ వేషంలో, మెడలో కొలతల టేపుతో లోపలికెళ్లాడు.

“వంటగట్టుకు పచ్చబండ కావాల.”

“పచ్చది లేదప్పా, నల్లదే ఉండాది,” అంది కౌంటర్‌లోని హంపమ్మ. కోడ్ కుదిరింది. వెనక తలుపు తెరుచుకుంది.

లోపలి సీను చూడగానే జావేద్‌కు ఒళ్లు మండింది. సెక్షన్ హెడ్‌లు జయరాజ్, గోపీనాథ్ ఒకరికొకరు వీపు తిప్పి కూర్చున్నారు. స్క్రీన్ మీద ‘పంపుతోంది’ అని చక్రం తిరుగుతూనే ఉంది. మూల సోఫాలో సిల్కు చీర కట్టి, నల్లద్దాలు తలపైకి నెట్టుకుని టీ తాగుతోంది సెక్యూరిటీ కన్సల్టెంట్ శివలీల.

జావేద్ కీబోర్డు లాక్కున్నాడు. హెడ్‌లిద్దరూ చెరొకటి పెట్టిన రెండు యాంటీవైరస్‌లు, రెండూ లైవ్‌లో! మెసేజ్ ఫైల్‌ను ఒకటి తెరిచి చూడబోతే, రెండోది ఆ మొదటిదాన్నే దొంగ అనుకుని పట్టుకుంటోంది. ఇక ఫైల్ కదిలేదెప్పుడు?

“లైవ్ కాపలా ఒక్కటే ఉండాలి. రెండోది పిలిచినప్పుడు వచ్చి స్కాన్ చేసి పోవాలి. ఒకదాని ఫైళ్లు ఇంకోటి ముట్టకుండా సెట్టింగ్ పెట్టుకోవాలి. ఇదీ తెలీదా మీకు? ఒకటి ఆపండి!”

“ఆయప్పది ఆపమను,” అన్నాడు జయరాజ్. “నాది తీస్తే ఈడ నాకేం మర్యాద ఉంటాది? శివలీల మేడమే చెప్పింది, తీయొద్దని.”

“నాకూ మేడమే చెప్పింది,” అన్నాడు గోపీనాథ్.

ఛీ! ఒక మనిషి ప్రాణం పోతుంటే వీళ్లకు మర్యాద కావాల్సొచ్చింది.

శివలీల కప్పు కిందపెట్టి మెల్లగా తలుపు వైపు కదిలింది. జావేద్ టేపు విసిరాడు. అందులోని ఉక్కు తీగ ఆమె మణికట్టుకు చుట్టుకుంది. రెండో కొస సోఫా కాలికి బిగించాడు.

“ఇద్దరికీ అదే మాట చెప్పి మెసేజ్ ఆపావంటే, ముఠా జీతం కూడా తీసుకుంటున్నావన్నమాట. వైరస్ కూడా అక్కర్లేకపోయిందే నీకు!”

“వీళ్లకు వైరస్ దండగ కదా,” అని నవ్వింది శివలీల.

గడియారం ముల్లు పన్నెండుకు ఆనుకుంటోంది. పాస్‌వర్డ్‌లు ఎవరివి వాళ్ల దగ్గరే. బతిమాలితే పని జరగదు. జావేద్ జయరాజ్ చెవిలో గుసగుసలాడాడు.

“సార్, మీది తప్పుకుంటే ఆయనది ఒంటరిగా చేతులెత్తేస్తుంది. అందరి ముందూ ఆయన పరువు పోతుంది. చూద్దామా?”

జయరాజ్ ముఖం వెలిగిపోయింది. “శానా మంచి మాట చెప్పినావప్పా!” పరుగున వచ్చి పాస్‌వర్డ్ కొట్టి తన ప్రోగ్రామ్ ఆపేశాడు. ఫిరోజా ప్రాణం కోసం కదలని చెయ్యి, పక్కవాడి పరువు తీయడానికి ఎంత చురుగ్గా కదిలిందో!

చక్రం ఆగింది. మెసేజ్ వెళ్లింది. గడియారం పన్నెండు కొట్టింది.

ముగ్గురూ స్క్రీన్ వైపే చూస్తున్నారు. చివరికి జవాబొచ్చింది. ‘కారెక్కలేదు. వెనక సందులోంచి తప్పించుకున్నా. అమ్మకు చెప్పు భాయ్.’

జావేద్ కళ్లు తుడుచుకున్నాడు. గోపీనాథ్ మీసం దువ్వుకున్నాడు. జయరాజ్ మాత్రం ముఖం మాడ్చుకుని దగ్గరికొచ్చాడు.

“ఏమప్పా జావేదూ, ఇప్పుడు ఆయప్పది ఆపమను, నాది పెడతా. ఆ పిల్లను ఇంకోసారి ఆ కారు కాడికి పోయి నిలబడమను. నాది పంపుతాదో లేదో అదీ తేల్చుకుందాం.”