పేరు పిలిస్తే పలకాలి

"ఉన్నారు!" స్నానాల గదిలోంచి పెద్దాడి అరుపు. దబదబా రెండు మగ్గుల నీళ్లు. మళ్లీ "ఉన్నారు!"

"ఒరేయ్, వీధి చివరిదాకా వినపడిందిరా, ఇక చాలు!" వంటింట్లోంచి తల్లి కేకేసింది. కొడుకుని కసిరిందే గానీ, ఆమెకీ పొద్దుటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. నెత్తిమీదున్న కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికింది.

మరి ఆ రోజు అలాంటిది. ప్రభువునందు నిద్రించినవాళ్లను వాళ్ల చర్చిలో ఏడాదికోసారి తలచుకునే ఆరాధన. ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు పాస్టరుగారు ఒక్కొక్కటే పిలుస్తారు. ఆ ఇంట్లోంచి ఒక్కరు లేచి, అందరికీ వినపడేలా "ఉన్నారు" అనాలి. పోయినవాళ్లు దేవుడి దగ్గర ఉన్నారని ఆ మాటకి అర్థం. ఈసారి పెద్దాడి తండ్రి, టైలరు మాస్టరు పేరు పిలుస్తారు. కొడుకుని కాబట్టి, ఆయన కుట్టుమిషను ముందు కూర్చున్నవాణ్ణి కాబట్టి, పలికేది తనేనని పెద్దాడు అనుకున్నాడు.

అతను తల తుడుచుకుంటుంటే తలుపు చప్పుడైంది. గుమ్మంలో చెల్లెలు చిట్టి! రెడీమేడ్ బట్టల షాపులో ఉద్యోగానికి చేరినందుకు తండ్రితో మాటామాటా పెరిగి ఇల్లు వదిలేసిన పిల్ల.

"అన్నయ్యా, ఇవాళ నాన్న పేరుకి నేను పలుకుతాను." రొప్పుతూనే అనేసింది.

"ఎంత తేలిగ్గా అడుగుతున్నావే! ఆయన మంచాన పడితే గుక్కెడు మంచినీళ్లిచ్చావా? ఇప్పుడు నలుగురిలో లేచి పలకడానికి మాత్రం పరిగెత్తుకొచ్చావా?"

"పోయే ముందు రోజు నాకు ఫోన్ చేశారు అన్నయ్యా. కోపంతో ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది." చిట్టి అన్న చెయ్యి పట్టుకుంది. "నాన్న పిలిస్తే పలకలేదు నేను. కనీసం ఆయన పేరుకైనా పలకనివ్వు."

"అది నువ్వు చేజేతులా చేసుకున్నది. పలికేది నేనే. ఇంకో మాట లేదు!"

"నోళ్లు మూయండర్రా!" తల్లి ఇద్దరి మధ్యకీ వచ్చింది. "ఆయన్ని తలచుకోవాల్సిన రోజున తగువులా? పదండి, గంట కొట్టేశారు."

చర్చి కిటకిటలాడిపోతోంది. పెద్దాడు తల్లితో ముందు వరసలో కూర్చున్నాడు. చిట్టి వెనక గోడ దగ్గరే నిలబడింది. పిలిచిన ప్రతి పేరుకీ ఏదో మూల నుంచి జవాబు వస్తుంటే పెద్దాడు లోలోపలే తన మాట మననం చేసుకున్నాడు.

పాస్టరుగారు మాస్టరు పేరు పిలిచారు.

పెద్దాడు దిగ్గున లేచి, గట్టిగా గాలి పీల్చుకుని అన్నాడు.

"లేరండీ!"

చర్చి అంతా బిత్తరపోయింది. ఎవరో కిసుక్కున నవ్వి, చటుక్కున ఆపుకున్నారు. ఏమన్నాడో అప్పుడు తెలిసింది పెద్దాడికి. తండ్రి పోయినప్పటి నుంచీ టైలరు కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలోనే ఆయన పేరు చెప్పి అడగడం, తను మిషను మీంచి తలెత్తకుండానే "లేరండీ" అనడం. నోటికి అదే అలవాటైపోయింది. ఆ మాట అన్నాడే గానీ, ఒక్కనాడు కూర్చుని ఏడ్చింది లేదు. ఇప్పుడు ముంచుకొచ్చింది ఏడుపు. "లేరు... మా నాన్న లేరు..." అంటూ అంతమందిలో వెక్కివెక్కి ఏడ్చాడు.

పాస్టరుగారు మెల్లిగా అదే పేరు మళ్లీ పిలిచారు.

పెద్దాడు వెనక్కి తిరిగి చూశాడు. చిట్టి పెదవి పంటికింద బిగబట్టి నిలబడి ఉంది. అన్న వద్దన్నాడని పలకకుండా ఆగింది పిచ్చిపిల్ల!

"నా వల్ల కావట్లేదే. నువ్వు పలుకు, తల్లీ!"

"ఉన్నారు!" కిటికీ అద్దాలు అదిరాయి. "మా నాన్న ఉన్నారు!"

జనాన్ని తోసుకుంటూ వచ్చి అన్నని వాటేసుకుంది. "విన్నారంటావా అన్నయ్యా?"

"వినకేం! ఇంకోసారి అందాం పద."

ఈసారి ఇద్దరూ కలిసి అరిచారు. తల్లి కన్నీళ్లు తుడుచుకోవడం కూడా మరిచి, నవ్వుతూ ఇద్దరి చేతులూ పట్టి కిందికి లాగింది.

"కూర్చోండర్రా! ఆ అరుపులేంటి? పోయినవాళ్లని లేపే కడబూర మోగేదాకా కూడా ఆగకుండా ఇప్పుడే లేచొచ్చేస్తారు మీ నాన్న!"