టర్కీ శనివారం

సావో పౌలోలో పిజ్జా మీద కెచప్ వేసుకోకూడదని నాకు అప్పటికి తెలియదు. మా రియోలో అందరం అలాగే తింటాం. బిషీగా పేటలోని ఒక ఇటాలియన్ హోటల్లో నేను కెచప్ సీసా అడగ్గానే, పక్క టేబుల్ అమ్మాయి ఫోర్కు కింద పెట్టి నావైపు తిరిగింది.

"రియో నుంచా?"

"ఎలా తెలిసింది?"

"ఇంకెవరడుగుతారు? వండినాయన లోపలే ఉన్నాడు, కాస్త మెల్లగా అడుగు."

ఆమె పేరు జాసియారా. నన్ను ఎడ్మార్ అని పిలిచింది తక్కువ, రియో బాబూ అని పిలిచింది ఎక్కువ. నీకు తిండి తినడం రాదని తేల్చేసి, అక్కడే పేపర్ నాప్‌కిన్ మీద పద్నాలుగు దేశాల పేర్లు రాసింది. అన్ని దేశాలవాళ్ళూ ఈ ఊళ్ళోనే వండుతున్నారు, వాళ్ళ మధ్య కూర్చుని వాళ్ళలాగే తినడం నేర్చుకోమంది. శనివారానికో దేశం. గురువు తనే.

కొరియా వాళ్ళ దగ్గర నా గ్లాసు నేనే నింపుకున్నానని సీసా లాక్కుంది. పక్కవాళ్ళు నింపాలట. బొలీవియా వాళ్ళ సల్తేన్యా అనే మాంసం కజ్జికాయని మధ్యలో కొరికాను, లోపలి పులుసు మోచేతి దాకా కారింది. ఆమె కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వితే ఎంత బాగుంటుందో ఆ రోజే చూశాను, నా పని అయిపోయింది.

తొమ్మిదో వారం నుంచి నాకు కుదురు లేదు. అందరూ మెనూ చూస్తుంటే నేను నాప్‌కిన్ చూసేవాణ్ణి. ఐదు మిగిలాయి. నాలుగు. జాబితా అయిపోతే ఏ వంకతో పిలవను? ఆమె మనసులో తిండి తప్ప ఇంకేమైనా ఉందో లేదో అంతుపట్టలేదు. అడుగుదామని నోటిదాకా వచ్చేది, ఈలోపు ప్లేటు వచ్చేది.

పద్నాలుగోది పెరూ. చేపలు తినేశాక ఆఖరి పేరు కొట్టేసి, అయిపోయిందంది.

"టర్కీ మిగిలింది," అన్నాను గబుక్కున.

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. సరే వస్తానంది.

ఆ వారమంతా కాలు నిలవలేదు. ఆఫీసులో అందరినీ పీడిస్తే, మార్కెట్ దగ్గర 'టర్కు గారి హోటల్' ఉందని ఒకతను చెప్పాడు. శనివారం సన్నటి తుంపర. గొడుగు ఆమెది. నా ఎడమ భుజమంతా తడిసింది, నాకు పట్టలేదు.

హోటల్ యజమానురాలు డోనా నజీరా. డెబ్బై ఏళ్ళుంటాయి. ఆవిడే స్వయంగా రొట్టెలు తెచ్చింది. నేర్చుకున్న విద్యంతా చూపిద్దామని, "అమ్మా, మీ టర్కీలో ఎలా తింటారో అలాగే పెట్టండి," అన్నాను.

ఆవిడ బుట్ట టేబుల్ మీద పెట్టి చేతులు తుడుచుకుంది. "ఎవరిది బాబూ టర్కీ?"

వాళ్ళ తాత టర్కీ సుల్తాను కాగితాలతో ఓడ దిగాడట. ఊరంతా టర్కు అని పేరు పెట్టేసిందట. పోయేదాకా ఆ పేరు వింటే ఆయనకి ఒళ్ళు మండేదట. వాళ్ళది లెబనాన్, అప్పట్లో అది ఆ సుల్తాను ఏలుబడిలో ఉండేదట. నేను మూడుసార్లు క్షమాపణ చెప్పాక, ఆవిడ వేడివేడి మాంసం వడలు తెచ్చి పెట్టింది.

జాసియారా రొట్టె తుంచుతూ, "లెబనాన్ ఐదో వారమే తిన్నాం. ఇది లెక్కలోకి రాదు," అంది.

"అయితే ఇంకో దేశం చూద్దాం."

"ఏ దేశం?"

ప్రపంచంలో అన్ని దేశాలుంటే ఒక్కటి కూడా గుర్తు రాలేదు.

"నాకే దేశమూ అక్కర్లేదు," అన్నాను. "వచ్చే శనివారం నువ్వు రావాలి. దానికోసమే టర్కీ అన్నాను."

"నేనీ ఊళ్ళో పుట్టినదాన్ని. ఇక్కడ లెబనాన్ వాళ్ళని టర్కులంటారని నాకు తెలియదా? నువ్వు ఎక్కడికి తీసుకొస్తావో ఆ రోజే తెలిసింది."

"మరెందుకొచ్చావు?"

"రెండో వారం నుంచీ తింటూ కూర్చున్నాను, నువ్వెప్పుడు నోరు తెరుస్తావా అని. తెరిచినప్పుడల్లా ముద్ద పెట్టుకున్నావు."

చేతిలోని వడ ప్లేటులో పెట్టేశాను.

"నువ్వంటే నాకిష్టం, జాసియారా."

"నాకూ. తిను, చల్లారిపోతోంది."

ఎలా తినను? నా కుడిచెయ్యి ఆమె పట్టుకుని వదల్లేదు.