దూకిన వాహనం

నూకరత్నం పచ్చిమిరపకాయ కొరికింది. హైదరాబాదులో, బెజవాడలో, ఇంకా ఎక్కడెక్కడో పన్నెండు వేలమందికి ఒక్కసారే ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

"ఏటే ఇది!" చెవికున్న మాటలబిళ్ళలోంచి సింహాద్రి కేకేశాడు. కొండ కింద పగ్గంగదిలో కూచుని ఆమె పరుగుని నడిపించేది అతనే. "యాత్రికులు గంజన్నానికి ఒప్పుకున్నారు గానీ, మిరపకాయ ఎవరు తినమన్నారే? కూకట్‌పల్లి చక్రపాణి గారు బిందెడు నీళ్ళు తాగేశారు. ఇప్పుడు నువ్వు కూడా తాగావంటే ఆయన పొంగిపోతారు."

"కొండెక్కేదాకా తాగన్లే అన్నా," అంటూ రత్నం నడుముకున్న నాడిపట్టీ బిగించుకుని లేచింది.

వారం కిందట గోదారి గట్టున మొదలైన పరుగు. మధ్యలో మూడు అడవులు, లెక్కలేనన్ని వాగులు, ఒక ఎలుగుబంటి. ఎలుగుబంటి టిక్కెట్లో లేదు, కొసరు. ఇవాళ లంబసింగి మీదుగా శిఖరం దాటి, అవతలున్న మడుగులోకి దూకితే యాత్ర పూర్తి.

టిక్కెట్టు కొన్న యాత్రికులంతా ఎవరిళ్ళల్లో వాళ్ళు వాలుకుర్చీల్లో ఉంటారు. రత్నం పిక్క పట్టేస్తే, నాడిపట్టీ గుండా వాళ్ళ పిక్కా పట్టేస్తుంది. ఆమెకి చెమట పోస్తే వాళ్ళు చొక్కాలు మార్చుకుంటారు. చివర్లో పతకాలు కూడా వాళ్ళకే. గుమ్మం దాటి పుష్కరకాలమైన చక్రపాణి గారింట్లో పతకాల బరువుకి గోడ పక్కింటివైపు ఒరిగితే, పక్కింటాయన కేసు వేశాడు.

రత్నానికి పతకం రాదు. చట్టప్రకారం ఆమె వాహనం. వీపున నంబరు ప్లేటు ఉంది. ఏడాదికోసారి పొగ పరీక్ష చేస్తారు. కిందటేడు ఉల్లిపాయ తిని వెళ్ళి ఫెయిలైంది.

కాఫీ తోటల్లోకి వచ్చేసరికి మంచు ఎంత చిక్కగా ఉందంటే, రత్నం దాన్ని చేత్తో పక్కకి నెట్టుకుంటూ పరిగెత్తింది. చెట్లకి అల్లుకున్న మిరియాల తీగల్లోంచి నీటిబొట్లు మెడమీద పడుతుంటే పన్నెండు వేల మెడలు ముడుచుకున్నాయి.

"రత్నం, ఒక మాట," అన్నాడు సింహాద్రి, గొంతు తగ్గించి. "కంపెనీవాళ్ళు ఇందాకే చెప్పారే. ఇవాళ మచ్చ లేకుండా దూకేస్తే ఈ పరుగుని నిలవ పెట్టేస్తారంట."

"నిలవంటే?"

"ఆవకాయలాగ. ఎన్నేళ్ళైనా ఇదే తీసి వడ్డిస్తారు. ఇంకెవరూ పరిగెత్తక్కర్లేదు."

"మరి నేను?"

"నీకూ కుర్చీ ఇస్తారే, ఉచితంగా! హాయిగా కూచుని నీ పరుగు నువ్వే పరిగెత్తొచ్చు."

రత్నం ముందుకి చూసింది. ఎదురుగా నాచుపట్టిన బండలు. ఏ రాయి జారుతుందో, ఏది కాలు ఆనిస్తుందో అరక్షణంలో తేల్చుకుని గెంతాలి. ఆ అరక్షణంలో ఆమెకి నవ్వొస్తుంది, ఎప్పుడూ. ఎందుకో తెలీదు. నాడిపట్టీ చూపూ చప్పుడూ పంపుతుంది, కాళ్ళ నొప్పి పంపుతుంది, ఊపిరి పంపుతుంది, ఆఖరికి తుమ్ము కూడా పంపుతుంది. ఈ తేల్చుకోవడం మాత్రం దాంట్లోంచి అవతలికి పోదు. నిలవ పరుగులో అయితే అన్ని రాళ్ళూ ముందే తేలిపోయి ఉంటాయి.

శిఖరం ఎక్కేసింది. మంచు కిందుండిపోయింది. ఎండ తగిలి పన్నెండు వేలమంది "అబ్బ!" అన్న చప్పుడు పగ్గంగదిలో పిడుగుపాటులా వినపడింది. రత్నం రెండు చేతులూ చాపి అవతలివైపు వాలులోకి దిగింది. గడ్డి, గాలి, ఆమె, పన్నెండు వేలమంది. అంతా గోలగోలగా దొర్లుకుంటూ మడుగు పైనున్న బండదాకా వచ్చేశారు.

అక్కడ రత్నం ఆగింది.

"ఆగకే! ఆగితే మచ్చ!"

"తెలుసన్నా."

నాడిపట్టీ విప్పి, దాని మొహం మడుగు వైపు తిప్పి, అడ్డాకు తీగకి తగిలించింది. "అయ్యల్లారా, అమ్మల్లారా," అంది దాంతో. "ఇక్కడిదాకా మోసుకొచ్చాను. ఈ ఒక్కటీ మీరే వచ్చి దూకండి. నీళ్ళెలా ఉన్నాయో నేను చచ్చినా చెప్పను."

దూకింది.

నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే, ఆమె కేక పైకి రావడానికి కాస్త ఆలస్యమైంది. వచ్చాక మాత్రం ఎదురుకొండకి తగిలి తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళింది. ఆమె వెల్లకిలా తేలుతూ నవ్వింది. ఈ వణుకు, ఈ నవ్వు ఎవరికీ వెళ్ళడం లేదు. మొత్తం తనకే.

చెవిలో సింహాద్రి ఏడుపు గొంతు. "ఏం చేశావే తల్లీ! అందరూ బండ అంచున ఇరుక్కుపోయారు. చప్పుడు విన్నారు, తడి తగల్లేదు. పిచ్చెక్కిపోతున్నారు. కుర్చీ దిగడం ఎలాగని అడుగుతున్నారే, అలాంటి మీట మా దగ్గర లేదు!"

"కాళ్ళు కిందపెడితే దిగిపోతారు కదన్నా."

"అదే చెప్పాను. ఉండుండు... చక్రపాణి గారు లేచారు. ఓలమ్మ! ఫోన్లో మాట్లాడుతూనే మెట్లు దిగుతున్నారే, లిఫ్టు వద్దంటున్నారు. ఎడమ చెప్పు కుడికాలికేసుకున్నారు. తూర్పు ఎటని వాచ్‌మన్ని అడుగుతున్నారు."

"వాచ్‌మన్ ఏమన్నాడు?"

"అతనూ బయల్దేరాడే! బెజవాడలో ఒక వీధి వీధంతా..." వెనక గంటలు మోగుతున్నాయి. "గదిలో అన్ని దీపాలూ ఎర్రబడ్డాయి. కంపెనీవాళ్ళు ఫోన్లో ఉన్నారు. రత్నం, నీ పని పోయిందే."

"కుర్చీ?"

"అదీ ఇవ్వరు."

"హమ్మయ్య," అంది రత్నం, నోట్లోకి నీళ్ళు తీసుకుని పైకి ఊదుతూ.

వేళ్ళు ముడతలు పడేదాకా ఈదింది. ఆమె ఒడ్డెక్కి, ఎండ తగిలే రాయి చూసుకుని బోర్లా పడుకుంది. కునుకు పట్టబోతుంటే చెవిలో రొప్పు. తనది కాదు. బరువుగా, తడబడుతూ, మధ్యమధ్య దగ్గుతో.

"అన్నా?"

"గదికి తాళమేశానే," అన్నాడు సింహాద్రి, ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి ఖర్చుపెడుతూ. "పదకొండేళ్ళు... ఈ కొండని తెర మీద చూశాను. ఇంత నిలువుగా ఉంటుందని... ఒక్కసారైనా చెప్పావా?"

"అడిగావా?"

రొప్పు ఆగింది. ఎక్కడో పిట్ట కూసింది, అతని చెవిలోంచి ఆమె చెవిలోకి.

"రత్నం, ఇక్కడ దారి రెండుగా చీలింది. ఒకటి తోటలోకి, ఒకటి వాగులోకి. ఎటు రమ్మంటావే?"

ఆమె చెప్పబోయి నోరు మూసుకుంది. రాయి మీద లేచి కూచుంది, నవ్వాపుకుంటూ.

"నీ ఇష్టం అన్నా."

అరక్షణం ఏమీ వినపడలేదు. తర్వాత సింహాద్రి చిన్నగా నవ్వాడు. ఆ వెంటనే నీళ్ళలో కాలు పడ్డ చప్పుడు.