మొదటి ఎత్తుకు రెండు బంట్లు

పిల్లలూ, మీకు అక్షితక్క ఉండేదని మేమెప్పుడూ చెప్పలేదు. మీరు అంత దూరాన ఒక్కో గదిలో ఒక్కొక్కరే పడుకుంటారు, భయపడతారని ఊరుకున్నాం. వినండి.

మీ పెద్దనాన్న జితేందర్ మిర్యాలగూడలో, రైసుమిల్లుల వెనక వీధిలో ఉంటూ చదరంగం ఆడే మిషన్లు తయారుచేసేవాడు. బల్ల మీద పటం, పక్కన ఇనుప చెయ్యి. ఎదుటివాళ్లు తప్పాడితే మిషన్ కీచుమనేది. ఆ చెయ్యి వాళ్ల బంటును ఎత్తి వెనక్కి పెట్టేసేది.

అక్షితకు ఆట నేర్పింది నానమ్మ. ఆమె పద్ధతిలో మొదటి ఎత్తుకు రెండు బంట్లు జరపాలి.

"గది తప్పాట బిడ్డా. నా మిషన్ ఒప్పుకోదు."

"అయితే నీ మిషన్‌కే ఆట రాదు డాడీ!"

"సక్కగ నేర్చుకొని రా, అప్పుడు ఆడుదువు."

ఒక్కసారి కూడా దాన్ని మిషన్ ముందు కూర్చోనియ్యలేదు. ఆ వానాకాలమే పిల్ల పోయింది.

చుట్టాలంతా వెళ్లిపోయిన సాయంత్రం. ముసురు. తడిసిన ఊక వాసన. పని చేస్తే మనసు కుదుటపడుతుందని జితేందర్ మిషన్ ఆన్ చేసి, దూరంగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇనుప చెయ్యి తన ఎత్తు వేసింది. అవతల కుర్చీ ఖాళీ.

సర్రుమని చిన్న చప్పుడు... ఖాళీ కుర్చీ వైపు బంటొకటి ముందుకు జరిగింది.

దాని పక్కనే ఇంకొకటి.

మిషన్ కీచుమంది. చెయ్యి వంగి రెండో బంటును వెనక్కి పెట్టింది. బంటు మళ్లీ జరిగింది. చెయ్యి మళ్లీ వెనక్కి పెట్టింది.

గడప దగ్గర నిలబడి స్రవంతి పెద్దమ్మ అంది. "జర ఆడనియ్యయ్యా... అది మన బిడ్డ."

అతను ఉరికాడు. మూడోసారి తప్పాడితే ఆట రద్దు, చెయ్యి పావులన్నీ ఊడ్చేస్తుంది. మిషన్‌లో అలా రాసింది అతనే. బంటు మూడోసారి జరగనే జరిగింది. ఇనుప చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆగలేదు.

"డాడీ... జర ఆగుమను..."

వైరు పీకేసరికి పావులన్నీ నేల మీద ఉన్నాయి.

మళ్లీ పేర్చారు. పెద్దమ్మే రెండు బంట్లు జరిపి, "ఆడు బిడ్డా, ఎవ్వరేమనరు," అని బతిమాలింది. ఏదీ కదల్లేదు. సర్దేటప్పుడు మాత్రం ఒక బంటు ఆమె చేతిని చురుక్కుమనిపించింది. దవాఖానలో తెల్లార్లూ తడిగుడ్డలు మార్చిన అక్షిత నుదురులాగే కాలుతోంది.

ఇప్పుడు వాళ్లు సూర్యాపేటలో ఉంటున్నారు. ఆ బంటు ఇంకా చల్లారలేదు. పెద్దమ్మ గుడ్డ తడిపి చుడుతూనే ఉంది. మీరు వెళ్తే దాన్ని ముట్టకండి. ఈ సంగతి మీ పిల్లలకు కూడా చెప్పండి. అక్షిత అనే పిల్ల ఉండేదని చెప్పండి.