ఏడు కార్డుల అతిథి

“ఈ మధ్యాహ్నం లీహువా కొట్లో బొమ్మ కార్డుల ఆట ఉంది. వెళ్లి కూర్చో,” అన్నాడు చీఫ్ కో. “ఆవిడ మనకీ పనిచేస్తోంది, అవతలివాళ్లకీ పనిచేస్తోంది. ఇవాళ తను తయారుచేసిన కార్డులో వాళ్లకి కబురు పంపుతోంది.”

“ఆపాలా?”

“చేతనైతే.”

ఏజెంట్ జియున్ స్కూలు టీచర్ వేషంలో వెళ్లింది. తైపేలో అలాంటి కొట్లు సందుకొకటి. ఎవరి పాత్రని వాళ్లే బొమ్మ గీసి, దానికో ప్రత్యేక శక్తి రాసి తెస్తారు. ఐదింటికల్లా ఆడి చూసి, నచ్చితే క్లబ్బు పేజీలో పెడతారు.

ఎర్ర పట్టు గౌనులో లీహువా మెరిసిపోతోంది. అందరి ఫోన్లూ బుట్టలో వేయించింది, తనదీ వేసింది. రేడియో దాచిన జియున్ గడియారం కూడా బుట్టలోకే పోయింది. లీహువా షట్టరు దించి తాళం వేసింది.

“డిజైన్లు దొంగిలిస్తున్నారు టీచరమ్మా. ఆట అయ్యేదాకా ఎవరూ కదలకూడదు,” అంది నవ్వుతూ. ఆ నవ్వు చూడగానే తనెవరో ఆమెకి తెలిసిపోయిందని జియున్‌కి అర్థమైంది.

లీహువా కార్డు బల్లమీద పడింది. ‘పియోనీ అతిథి. మొదటి వంతులో ఏడు కార్డులు తీసుకో.’

జియున్ కబురు చదివేసింది. సాక్షి షావ్‌ని పియోనీ లాడ్జి ఏడో అంతస్తులో దాచింది తనే. ఆ అంతస్తులో ఆయన తప్ప ఎవరూ లేరు. ఐదింటికి కార్డు బయటికెళితే, ఐదుంపావుకి హంతకుడు ఆయన తలుపు తడతాడు. ఫోను లేదు, దారి లేదు. గోడ గడియారంలో నాలుగూ నలభై.

ఊపిరాడని ఆ గదిలో ఆమెకి మిగిలింది ఒక్క ఆట. కార్డు చేసినవాళ్లు నోరు మెదపకూడదు, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఏ అంకె మార్చమంటే అది మార్చాలి. అది ఆ క్లబ్బు ఆచారం.

జియున్ ఆ పాత్రనే తీసుకుని, వరుసగా రెండు ఆటలు అందర్నీ చితక్కొట్టింది.

“ఇదేం అన్యాయం! ఏడా?” అరిచాడు ఆ-పింగ్ తాత, రిటైరైన బస్సు డ్రైవరు. “మూడు చెయ్యండి.”

లాడ్జి మూడో అంతస్తులో పిల్లలున్న కుటుంబం దిగింది. “నాలుగు చాలు తాతా,” అంది జియున్.

“నాలుగా? మన భాషలో ‘చావు’లా వినబడే అంకె! ఎవరైనా కోరి పెట్టుకుంటారా? అపశకునం!”

“అంత శక్తికి ఆ మాత్రం దిష్టి ఉండాలి కదా!”

అందరూ నవ్వారు. చేతులు లేచాయి. లీహువా మొహం పాలిపోయింది. మాట్లాడితే వేషం బయటపడుతుంది, ఫోను తనే బుట్టలో పడేసింది. తను వేసిన తాళంలో తనే ఇరుక్కుంది. పెన్సిలుతో ఏడు కొట్టేసి నాలుగు రాసింది. సరిగ్గా ఐదింటికి తాతే బుట్టలోంచి తన ఫోను తీసి కార్డుని పేజీలో పెట్టాడు.

షట్టరు లేవగానే జియున్ బుట్ట లాక్కుని, గడియారంలో చీఫ్‌ని పిలిచింది.

ఐదుంపావుకి పియోనీ లిఫ్టులో ఒక విదేశీయుడు బటన్లు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతుకుతూ పట్టుబడ్డాడు. అపశకునమని ఆ లాడ్జిలో నాలుగో అంతస్తే పెట్టలేదు, మూడు తర్వాత ఐదే.

బేడీలతో జీపెక్కుతూ లీహువా ఆగింది. “నిజం చెప్పు. ఏడు మరీ ఎక్కువైందా?”

“చాలా ఎక్కువ అక్కా. ఇప్పుడు సరిగ్గా కుదిరింది.”