షట్టరు వెనక గొంతు

"అమ్మా... తలుపు తియ్యి!"

వీధి చివర్నుంచి వచ్చిందా కేక. దర్జీ అరుగు మీద కబుర్లాడుతున్న డిస్కులాయన దిగ్గున లేచాడు. ఇంకెక్కడి నుంచో వచ్చుంటే బాగుండేది... తాళం వేసి వచ్చిన తన కొట్లోంచే వచ్చింది.

ఆ కొట్టుకి ముందునుంచీ చెడ్డపేరుంది లెండి. రేడియోలు బాగుచేసే కుర్రాడొకడు అందులోనే పోయాడు. రాత్రి పనిలో ఉండగా వైర్లు అంటుకున్నాయి, షట్టరు బిగుసుకుపోయింది. ఎదురింట్లోనే తల్లి నిద్రపోతోంది— వాడి కేకలు వినపడలేదు. ఆ తర్వాత అద్దెకు దిగినవాళ్లెవరూ అక్కడ నిలదొక్కుకోలేదు.

మన డిస్కులాయన మాత్రం, "నా కొట్లో దెయ్యానికేం పని, దానికీ పెళ్లి వీడియో కావాలా?" అని నవ్వేసి దిగాడు. పాత కెమెరాల్లోని వీడియోల్ని డిస్కులకెక్కించి, టీవీ దగ్గరుండే డీవీడీ ప్లేయర్లో ఆడేలా మార్చివ్వడం ఆయన పని. దానికి గంటలు పడుతుంది. కంప్యూటర్ని దాని మానాన వదిలేసి, షట్టరు దించి వచ్చేస్తాడు.

ఆ పోయిన కుర్రాడి భార్య తన భర్త పాత డిజిటల్ కెమెరా తెచ్చి ఇచ్చింది. చూపు తగ్గిన అత్తగారికి కొడుకుని టీవీలో పెద్దగా చూపించాలని ఆశ. తీరా ముసలావిడ చూడకముందే, మూసిన కొట్లోంచి కొడుకు కేక వినడం మొదలెట్టింది. రాత్రయితే షట్టరు ముందు కూర్చోవడమే. పచ్చి మంచినీళ్లు ముట్టట్లేదు, మనిషి పుల్లయిపోయింది. వీధిలో వాళ్లూ విన్నామంటే డిస్కులాయన కొట్టిపారేశాడు.

ఇప్పుడు తన చెవులే విన్నాయి.

"దెయ్యమంటే నవ్వావుగా. వెళ్లి పలకరించు," గొణిగాడు దర్జీ.

"నువ్వూ రా."

"నాకింకా కుట్టాల్సిన గుండీలున్నాయి."

ఒక్కడే వెళ్లాడు. ముసలావిడ షట్టరుకి చెవి ఆనించి ఉంది.

"అప్పుడు వినపడలేదు నాయనా... ఇప్పుడు వినపడుతోంది. తియ్యి," అంది డిస్కులాయనతో.

తీశాడు. షట్టరు పైకెత్తాడు.

లోపల చీకటి... ఎవరూ లేరు. కంప్యూటర్ తెర ఒక్కటే వెలుగుతోంది. అందులో కొడుకు— ఇంటి గుమ్మం బయట నిలబడి, నవ్వుతూ, ఏదో అంటున్నాడు.

ముసలావిడ కూలబడింది.

"చూశావా పెద్దమ్మా," అన్నాడు డిస్కులాయన. "మీ గుమ్మంలో నిలబడి పిలుస్తున్నాడు. అదే స్పీకర్లోంచి పైకి వినపడింది. కట్టెయ్యడం మర్చిపోయాను, పాడు మతిమరుపు."

"మంటల్లోంచి కాదూ?"

"కాదమ్మా. నవ్వుతున్నాడు చూడు."

చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది.

"ఆకలేస్తోంది," అంది.

ఎదురింట్లో కోడలు గబగబా కంచాలు పెట్టింది. భయం తీరాక దర్జీ కూడా, గుండీల సంగతి మర్చిపోయి, వచ్చి పీట లాక్కున్నాడు. గిన్నెలు అందుకోవడానికి డిస్కులాయన వంటింట్లోకి వెళ్లాడు. కోడలు గొంతు తగ్గించింది.

"అన్నయ్యా... ఆ కెమెరాకి మైకే లేదు కదా."

"తెలుసమ్మా. అసలు శబ్దమే లేకపోతే కొన్ని ప్లేయర్లు మొరాయిస్తాయని, ఏమీ వినపడని ఖాళీ శబ్దం నేనే అతికించాను."

"మరి ఆ కేక—"

"ఆవిడ కంచం ముందు కూర్చుంది. ముందు వడ్డించు తల్లీ."

వడ్డించింది. నలుగురూ కూర్చున్నారు. ముసలావిడ మొదటి ముద్ద మింగేదాకా కోడలూ డిస్కులాయనా కంచంలో చెయ్యి పెట్టలేదు.